నడుమ కూర్చునేవారి చీర

ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఫోటో దిగుదామని అనుకున్న క్షణం నుంచి ఆ ఇంట్లో బీరువా తలుపులు మూతపడవు. ఏం కట్టుకోవాలి, ఏ రంగు ఎవరికి నప్పుతుంది, ఎవరి పక్కన ఎవరు నిలబడితే బాగుంటుంది... ఇలా వారం రోజులు గడిచిపోతాయి. మగవాళ్ళు ఇదంతా ఆడవాళ్ళ వ్యవహారమని తేల్చేసి, సరిగ్గా బయలుదేరే వేళకు "నా తెల్లచొక్కా ఎక్కడ పెట్టారు?" అని ఇల్లు ఎగరగొడతారు. పైకి నవ్వులాటగా కనిపించే ఈ బట్టల ఎంపికలో ఒక ఇంటి లోగుట్టు చాలానే దాగి ఉంటుంది. ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు సర్దుకుపోతారు, ఎవరిని మెల్లగా పక్కకు జరుపుతారు అన్నవన్నీ ఆ వారంలోనే తేలిపోతాయి.

మా ప్రాంతంలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. మావాళ్ళు నంద్యాలలో ఫోటో తీయించుకుంటారు, ఆళ్ళగడ్డలో దాన్ని రాతిలో చెక్కించుకుంటారు. రెండు ఊళ్ళకూ నడుమ నలభై కిలోమీటర్ల దారి. ఆ దారిలో మా ఇంటి బట్టలు ఎలా ప్రయాణం చేశాయో చెబుతాను.

మా ఇంటి గోడమీది ఫోటోల్లో అన్నిటికంటే పాతది 1968 నాటిది. ఆళ్ళగడ్డ దాపునున్న మా ఊరి నుంచి బస్సెక్కి, శిరివెళ్ళ మీదుగా నంద్యాల చేరి, ఒక స్టూడియోలో తీయించుకున్నారు. జేజినాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు. జేజి పక్కన నిలబడి ఉంటుంది. వెనక మా నాయన, పదహారేళ్ళవాడు. ముందు ఇద్దరు మేనత్తలు, రెండు జడలతో.

ఆ ఫోటోలో జేజినాయన కోటు వేసుకుని ఉంటాడు. ఆయన తన జీవితంలో కోటు తొడిగినది ఆ పావుగంట మాత్రమే. అది స్టూడియోవాళ్ళ కోటు. గోడకు కొక్కెం మీద వేలాడుతూ ఉండేదట. పల్లెల నుంచి వచ్చిన ప్రతి పెద్దమనిషీ దాన్నే తొడుక్కునేవాడు. సన్నటివాళ్ళకు వీపు వెనక గుండుసూదులు గుచ్చి బిగించేవారు. లావుపాటివాళ్ళకు గుండీలు పెట్టకుండా వదిలేసేవారు. ఆ ఒక్క కోటు ఎన్ని ఊళ్ళలో ఎన్ని గోడల మీదికి ఎక్కి ఉంటుందో! కింద మాత్రం జేజినాయనది సొంత పంచే. కాళ్ళకు చెప్పులు లేవు. నడుము పైభాగం దొర, కింది భాగం రైతు.

జేజి కట్టుకున్న చీర మీద మా ఇంట్లో పెద్ద చర్చే నడిచేది. ఫోటోలో అది అంచు లేని సాదా బూడిదరంగు చీర. "పండుగనాడు సాదాచీర కట్టుకుని పోయినావా జేజీ?" అని అడిగితే ఆమెకు కోపం వచ్చేది. "ఎర్రచీర. ఇంత మందాన పచ్చంచు. ప్రొద్దుటూరులో కొన్నది. మీ కండ్లకు కనపడకపోతే నేనేం చేసేది?" అనేది.

జేజి చెప్పింది నిజమే. నలుపు తెలుపు ఫిలిం రంగును చూడదు, వెలుగు మోతాదునే చూస్తుంది. ఎరుపూ పచ్చా సమానమైన వెలుగుతో పక్కపక్కన ఉంటే రెండూ ఒకే బూడిదఛాయలో కలిసిపోతాయి. అంచు మాయమవుతుంది. ఇంకా వెనక్కి వెళితే, తొలినాటి ఫోటో ఫలకాలు నీలికాంతిని తప్ప దాదాపు దేన్నీ పట్టుకోలేకపోయేవి. ఎర్రటి బట్ట నల్లగా, నీలిబట్ట తెల్లగా పడేది. ఫలకాలకు రంగుమందులు కలిపితే పచ్చ, పసుపు కాంతులను కూడా గ్రహిస్తాయని 1873లో వోగెల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఎరుపు దాకా అన్ని వన్నెలనూ చక్కగా పట్టే ఫిలిం వాడుకలోకి రావడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. అందుకే పాతకాలపు ఫోటోగ్రాఫర్లు రంగు ఏదని అడిగేవారు కాదు, ముదురా లేతా అని అడిగేవారు. ముదురు చీరకు లేత అంచు, లేత చొక్కాకు ముదురు తెర. ఆ లెక్క తెలిసిన ఇళ్ళలో ఫోటోలు ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి. తెలియని మా జేజి తన పచ్చంచును నోటిమాటగా మాకు అప్పగించి వెళ్ళింది.

ఇక ఆళ్ళగడ్డ సంగతి. ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. రోడ్డు పక్కన శిల్పశాలల ముందు దేవుళ్ళూ, నాయకులూ, కాలంచేసిన ఊరిపెద్దలూ వరసగా నిలబడి ఉంటారు. గుడి నుంచి వచ్చినవాళ్ళు ధ్యానశ్లోకం తెస్తారు. ఇంటి నుంచి వచ్చినవాళ్ళు ఫోటో తెస్తారు. ఫోటోలో ఏ బట్ట ఉంటే శిల్పి చేతిలోకి ఆ బట్టే వస్తుంది.

ఫోటోయే లేనివారి మాటేమిటంటారా? మా ప్రాంతపు వీరుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డినే తీసుకోండి. ఫోటో తీసే విద్య లోకానికి వెల్లడైనది 1839లో. ఆయనను కోవెలకుంట్లలో ఉరితీసినది 1847 ఫిబ్రవరి 22న. ఫోటో అన్నది సీమ పల్లెలదాకా రాని కాలమది. కనుక ఈనాటి విగ్రహాల్లో ఆయన తలపాగా చుట్టూ, అంగరఖా మడతలూ అన్నీ తరవాతివాళ్ళు ఊహించి తొడిగినవే. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' సినిమా ఆయనకు ఇంకో కొత్త దుస్తుల పెట్టె తెరిచింది. మనం ఎంచుకోకపోతే మన బట్టలను ఇంకెవరో ఎంచుతారన్నమాట.

2009లో జేజినాయన సమాధి దగ్గర ఆయన విగ్రహం పెట్టాలని అనుకున్నాం. ఆయనకు ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. ఆళ్ళగడ్డలో శిల్పి దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "కోటు చెక్కాల్నా? తీసేయాల్నా?" అని అడిగాడు.

అక్కడ మొదలైంది రభస. పెద్దత్త కోటు ఉండాల్సిందేనన్నది. "మా నాయన కోటులో ఎంత దొరగా ఉండాడు! ఆ రూపమే గదా మాకు తెలిసింది" అని కన్నీళ్ళు పెట్టుకుంది. మా నాయన మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు. "ఆ కోటు మనది కాదు గదక్కా." శిల్పి ఇద్దరి మాటలూ విని తన ఇబ్బంది తాను చెప్పాడు. రాతికి రంగు ఉండదు, ఉండేది మడతే. కోటుకు మడతలు తక్కువ, పని సులువు. భుజం మీద తువ్వాలు వేయాలంటే మడత మడతకూ ఉలి ఆడాలి, కూలీ ఎక్కువ అవుతుంది. ఫోటోలో లేని తువ్వాలు ఎలా పడుతుందో ఎవరైనా కట్టి చూపించాలి కూడా.

చివరికి జేజిని అడిగారు. డెబ్బై ఏడేళ్ళ జేజి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పొలం కాడ కోటేందిరా? ఎండకు ఉడికిపోతాడు!"

తువ్వాలే చెక్కారు. మా నాయన శిల్పి ముందు కూర్చుని, వాళ్ళ నాయన వేసుకునే తీరున ఎడమభుజం మీద తువ్వాలు వేసి చూపించాడు. కోటు నంద్యాల ఫోటోలో ఉండిపోయింది. తువ్వాలు ఆళ్ళగడ్డ రాతిలో మిగిలింది. పెద్దత్త చాలా ఏళ్ళు ఆ విగ్రహం వైపు చూసి పెదవి విరిచేది గాని, పొలానికి వచ్చినప్పుడల్లా దాని భుజం తుడిచి వెళ్ళేది.

నలుపు తెలుపు పోయి రంగుల ఫోటో వచ్చాక కష్టాలు తీరాయని అనుకున్నారు. అక్కకు 1991లో పెళ్ళిసంబంధాల కోసం ఫోటో తీయించారు. పి.వి. నరసింహారావు నంద్యాల ఉపఎన్నికలో నిలబడి అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన ఏడాది అది. గోడలన్నీ రాతలతో నిండి ఉండేవి. అక్కది చామనచాయ. "నల్లపిల్లకు ముదురు రంగు వద్దు" అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పారు. లేత గులాబీ చీర కట్టించారు, మొహానికి పౌడరు దట్టించారు. ఫోటో వచ్చాక అక్క దాన్ని ఎగాదిగా చూసి, "చీర వెలిగిపోతాంది. నేను ఆరిపోయినా" అన్నది.

అందులో ఆమె తప్పేమీ లేదు. మెరిసే లేతబట్ట పక్కన చామనచాయ మొహం మరింత చీకటిగా పడుతుంది. బట్టకు సరిపడా వెలుగు కొలిస్తే మొహానికి వెలుగు చాలదు, మొహానికి కొలిస్తే బట్ట తెల్లగా కాలిపోతుంది. దీనికి తోడు, ఫిలింలోనే ఒక పక్షపాతం ఉండేది. కోడక్ సంస్థ రంగుల ముద్రణను సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపే నమూనా బొమ్మలో దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీయే. ఆ బొమ్మకు 'షర్లీ కార్డు' అని పేరు. ఆమె మొహం బాగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. గోధుమ వన్నెలు సరిగా రావడం లేదని చాక్లెట్లు, కలప సామాను అమ్మే వ్యాపారులు గోలపెట్టాక గాని ఫిలిం తయారీదారులు ముదురు ఛాయల మీద దృష్టి పెట్టలేదని చెబుతారు. రకరకాల మేనిఛాయలున్న స్త్రీలతో కోడక్ కార్డు వచ్చింది 1990ల నడుమనే. ఎక్కడో అమెరికాలో ఎవరి మొహానికో సరిచూసిన రంగుల్లో మా అక్క మొహం వెతుక్కోవలసి వచ్చింది. లోకమేమో చీర మార్చమని అక్కకే చెప్పింది!

ఆ తరవాత అక్క ఏ ఫోటోకూ లేతరంగు కట్టలేదు. వంకాయరంగు, ముదురాకుపచ్చ, నెమలికంఠం. వాటిల్లో ఆమె మొహం దీపంలా ఉంటుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. మా వైపు చుట్టాలంతా ఒకచోట చేరే సందర్భం పారువేట. కనుమనాడు అహోబిలంలో జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో బయలుదేరి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి రమ్మని స్వామి తానే గడపగడపకూ వచ్చి పిలుస్తాడని నమ్మకం. పల్లకి ఏ రోజు ఏ ఊరికి వస్తే ఆ రోజే ఆ ఊరికి పెద్దపండుగ. సంక్రాంతికి రాని ఆడబిడ్డలు కూడా పారువేటకు వస్తారు. కొత్తబట్టలు కడతారు.

2024లో పల్లకి మా ఊరికి వచ్చే రోజుకు అందరం కలుస్తున్నామని తెలిసి, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు ఒక ఏర్పాటు చేశాడు. నంద్యాల నుంచి ఫోటోగ్రాఫర్ వస్తాడు. ఇరవై ఇద్దరం. మగవాళ్ళంతా మెరూన్ కుర్తాలు, ఆడవాళ్ళంతా మెరూన్ అంచున్న మీగడరంగు పట్టుచీరలు. రంగు నమూనా బొమ్మను అందరి ఫోన్లకూ పంపాడు. పిల్లవాడు ప్రేమతో చేసినదే. అందరికీ నచ్చింది కూడా.

అమ్మ మాత్రం ఏమీ అనలేదు. నాయన 2021లో పోయాడు. అప్పటి నుంచి అమ్మ పెట్టెలో రంగులు ఒక్కొక్కటిగా లోపలికి వెళ్ళిపోయాయి. ఎవరూ కట్టవద్దని నోరు తెరిచి చెప్పలేదు. మా పల్లెల్లో అలాంటివి ఎవరూ చెప్పరు, చెప్పనవసరం లేకుండానే జరిగిపోతాయి. బూడిదరంగు, లేతనీలం, గంధంరంగు నేతచీరలు. జరీ లేదు. శుభకార్యాల్లో వెనకవరస. ఫోటో తీసేవేళకు వంటింట్లో ఏదో పని.

"అమ్మా, నీకూ పట్టుచీర తెచ్చినాము" అని అన్న అంటే, "మీరంతా కళకళలాడతాంటే నడుమ నేనొకదాన్ని ఎందుకు లేప్పా. నేను పక్కన కూచోని చూస్తా" అన్నది. బలవంతం చేసి కట్టించవచ్చు. చాలా ఇళ్ళలో పిల్లలు అదే చేస్తారు, అదొక ఘనకార్యంగా చెప్పుకుంటారు కూడా. అయితే అమ్మకు ఇష్టంలేని రంగును మా సంస్కారం చాటుకోవడానికి ఆమెకు చుట్టబెట్టడం, ఇష్టమైన రంగును లోకం లాగేసుకోవడం... రెంటిలోనూ చీర ఆమెది, తీర్పు వేరేవాళ్ళది. ఆమెను వదిలేసి తీసుకుందామా అంటే, ఆమె లేని ఫోటోలో మేమెవరం?

దారి చూపింది మా వదిన. ఆమె ఎవరితోనూ వాదించలేదు. అమ్మ రోజువారీ కట్టే చీరలు ఆరింటిని తెచ్చి మంచం మీద పరిచింది. "అత్తా, వీటిల్లో నీకు మెత్తగా ఉండేది ఏది?" అని అడిగింది. అమ్మ బూడిదరంగు చీర మీద చెయ్యి వేసింది. దానికి సన్నటి నీలిమందు రంగు అంచు. వదిన ఆ అంచును ఫోటో తీసి అందరికీ పంపింది. ఇంటి పెద్దకోడలి హోదాలో కింద ఒక్క వాక్యం రాసింది: అందరూ ఈ నీలం చూసుకోండి, మీ ఇష్టమైన ఛాయలో.

అన్న కొడుకు మొహం ముడుచుకున్నాడు. పాపం, కుర్తాలకు అప్పటికే డబ్బు కట్టేశాడు. చిన్నపిల్లలకు తెచ్చిన నాలుగు మెరూన్ కుర్తాలు అలాగే ఉంచేశారు. మిగతావాటిని వెనక్కి పంపారు. అక్క నెమలికంఠం చీర తెచ్చుకుంది. వదిన ముదురునీలం. మరదలు ఆకాశనీలం మీద తెల్లపూలు. మగవాళ్ళం ఇంట్లో ఉన్న తెల్లచొక్కాలూ నీలిచొక్కాలూ వేసుకున్నాం. కొత్తగా కొన్నవి బహుశా మూడు.

పల్లకి వెళ్ళిన మరునాటి సాయంత్రం, నాలుగున్నరకు, మా ఇంటి బండల అరుగు మీద ఫోటో తీశారు. అమ్మ బూడిదరంగు చీరలో వచ్చి పక్కకు నిలబడబోయింది. ఫోటోగ్రాఫర్ కుర్రాడికి మా ఇంటి గొడవలేమీ తెలియవు. వెలుగు చూసుకుని, "పెద్దమ్మా, మీరు నడుమ కూచోండి. మీ చీర రంగే గదా అందరిదీ" అన్నాడు. అమ్మ చుట్టూ చూసింది. కూర్చుంది.

చూడవచ్చిన వీధిలోని ముసలమ్మ ఒకామె ఊరుకోలేదు. "ఏమమ్మా, నడుమ కూచున్యావే!" అన్నది. మేమందరం బిగుసుకుపోయాం. అమ్మ తల తిప్పకుండానే, "నేనేం చేసేది పెద్దమ్మా? నేను వాళ్ళ రంగు కట్టలే. వాళ్ళే నా రంగు కట్టినారు" అన్నది. అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు దగ్గరే కెమెరా నొక్కాడు ఆ కుర్రాడు.

ఈ వ్యవహారంలో ఆ కుర్రాడి నుంచీ, వదిన నుంచీ నేను గ్రహించినవి కొన్ని చెబుతాను. ఎవరికైనా పనికివస్తాయి.

బట్టలు ఎంచడం ఒక మనిషి నుంచి మొదలవుతుంది. జేజినాయన కాలంలో అది డబ్బు పెట్టే మగవాడి నుంచి మొదలయ్యేది. ఇప్పుడు కొత్తపెళ్ళికూతురి నుంచో, మొదటి పుట్టినరోజు పాపాయి నుంచో మొదలవుతోంది. ఆ ఇంట్లో బట్టల విషయంలో ఎవరికి అన్నిటికంటే తక్కువ వెసులుబాటు ఉందో వారి నుంచి మొదలుపెట్టండి. విధవరాలైన తల్లి కావచ్చు, తెల్లపంచె తప్ప కట్టని తాత కావచ్చు, గరుకుబట్ట ఒంటికి పడని పసిబిడ్డ కావచ్చు, నిండు గర్భిణి కావచ్చు. వారి ఒంటిమీది బట్టలో ఒక రంగు పట్టుకుంటే మిగిలినవారు దాని చుట్టూ అల్లుకోవచ్చు. ఎక్కువ చీరలున్నవాళ్ళకు సర్దుకోవడం సులభం.

అందరూ ఒకే రంగు కట్టనవసరం లేదు. ఒకే రంగైతే దూరం నుంచి చూస్తే ఒంట్లన్నీ కలిసిపోయి తలలు మాత్రమే మిగులుతాయి. ఒక రంగు కుటుంబంలోని ముదురూ లేతా అయితే ఎవరికి వారు విడిగా కనిపిస్తారు. సన్నటి చారలు, చిన్నగళ్ళ చొక్కాలు డిజిటల్ కెమెరాకు గిట్టవు. ఫోటోలో వాటి మీద లేని అలలు తేలుతాయి. మరీ నిగనిగలాడే ఎర్రపట్టులో మడతలు కరిగి ఒకే ముద్దగా పడుతుంది. ఫ్లాష్ వేస్తే జరీ మెరిసి మొహాలను మింగేస్తుంది. మిట్టఎండలో గాఢమైన పచ్చచీర తన పచ్చదనాన్ని గడ్డం కిందికి విసురుతుంది. ఇవన్నీ చల్లని సాయంత్రపు వెలుగులో చాలావరకు సద్దుమణుగుతాయి.

చోటును బట్టి కూడా రంగు మారాలి. మాఘం వచ్చేసరికి నల్లమల ఆకు రాల్చి గోధుమవన్నెకు తిరుగుతుంది. అప్పుడు అహోబిలం వైపు కొండల ముందు మీగడరంగులు, గంధంరంగులు కలిసిపోతాయి. నీలాలు, ముదురాకుపచ్చలు నిలబడతాయి. వానాకాలపు పచ్చదనంలో ఇదే లెక్క తిరగబడుతుంది. నంద్యాల చుట్టూ నల్లరేగడి చేలల్లో తీసుకునేవాళ్ళకు లేతరంగులే అందం.

చివరిగా ఒకటి. అద్దెకోటు లాంటివి ఇప్పుడు వేరే రూపాల్లో వస్తున్నాయి. ఒక్క సాయంత్రానికి కొని మళ్ళీ ఎన్నడూ కట్టని చీరలు, పిల్లలు ఏడుస్తున్నా తొడిగే షేర్వాణీలు. సరదాకు ఒకటి వేసుకుంటే నష్టం లేదు. దానితో పాటు రోజూ కట్టుకునే బట్టల్లో కూడా ఒక్క ఫోటో తీసిపెట్టుకోండి. ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు ఆ ఫోటో పట్టుకుని ఆళ్ళగడ్డలాంటి ఊరికి వెళ్ళవచ్చు. అక్కడి శిల్పి మడతలు చూపమని అడగవచ్చు. అప్పుడు భుజం మీద తువ్వాలు వేసి చూపించే కొడుకు అందుబాటులో ఉంటాడో ఉండడో!

అమ్మ ఫోటోను పెద్దది చేయించి నడవలో తగిలించాం. తనను తాను చూసుకున్నప్పుడల్లా అమ్మ ఒకే మాట అంటుంది, అంచు కొంచెం వంకరపోయిందని. మీ ఇళ్ళలోని ఫోటోల్లో ఎవరి బట్టలు ముందు ఖాయమై ఉంటాయో, ఎవరు పక్కకు జరిగి ఉంటారో, తీరిక దొరికినప్పుడు ఒకసారి చూడండి. పచ్చంచులేమైనా మాయమై ఉంటే, చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.